జిరాక్స్ షాపు అక్కగారికి

మొన్న డిసెంబరులో క్లాట్, అంటే లా యూనివర్సిటీల్లో సీటు కోసం పెట్టే ప్రవేశ పరీక్ష రాశాను. నాకు చూపు బాగా తక్కువ. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్లకి గంటకు 20 నిమిషాల లెక్కన, రెండు గంటల పరీక్షకి 40 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఆ సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడు ఇక్కడొద్దు లెండి. అసలు టెన్షన్ ప్రాక్టీసుతోనే. 120 ప్రశ్నలు, అన్నీ పేరాలకి పేరాలు చదివి రాయాల్సినవే. మోడల్ పేపర్ల పుస్తకంలో అక్షరాలేమో చీమల బారు.

నవంబరు ముసురులో అమలాపురం గడియార స్తంభం దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కగారు ఒక పేజీని ఏ3 కాగితం మీదకి పెంచి, "చదవండి చూద్దాం" అన్నారు. కుట్టు దగ్గర నల్లగా అలుక్కుపోయిందని చెప్పాను. "ఆయ్, పుస్తకం విప్పేస్తే సరండి, మళ్లీ కుట్టిచ్చేస్తాను" అంటూ బ్లేడుతో వెన్ను కోసి, ఒక్కో కాగితం విడదీసి, 141 శాతం పెట్టి తీశారు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. అయినా షట్టర్ దించలేదు.

అన్నీ ఒకవైపే తీశారు, వెనక అచ్చు కనబడితే నా కళ్లకి కష్టమని. అది నేను చెప్పలేదు! ప్రతి కాగితం మూలన స్కెచ్ పెన్నుతో ఇంతేసి పేజీ నంబర్లు. ఆఖర్న దబ్బనంతో పుస్తకం కుట్టి, కాగితాల ఖర్చు మాత్రమే తీసుకున్నారు.

అక్కా, మీ పేరైనా అడగలేదు. చాలా చాలా థాంక్స్. ఈ వారంలో పూతరేకులు పట్టుకొస్తాను, డబ్బులిస్తే ఎలాగూ తీసుకోరుగా.