చెంచా వంచి చూడు

సరళా,

పాపకి ఆరో నెల నిండుతోంది, పైతిండి మొదలుపెట్టనా అని అడిగావు. మొదలుపెట్టవే. మెడ నిలిచిందా, ఆసరా ఉంటే కూర్చుంటోందా, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోసేయకుండా మింగుతోందా చూసుకో. పళ్ళు రాలేదని ఆగకు, చిగుళ్ళతోనే నలిపేస్తారు గడుగ్గాయిలు.

చాలామంది తప్పు చేసేది చిక్కదనం దగ్గరే. గొంతుకి అడ్డం పడుతుందన్న భయంతో నీళ్ళు పోసి పోసి జావని చారులా చేసేస్తారు. పసిపొట్ట పట్టేది కిలో బరువుకి సుమారు 30 మి.లీ., అంటే ఏడు కిలోల పిల్లకి 210. అందులో ముప్పాతిక నీళ్ళే అయితే కడుపు నిండుతుంది గానీ ఒంటికేం పడుతుంది? జావ చెంచాతో తీసి పక్కకి వంచి చూడు. ధారగా కారిపోతే పలుచన. చెంచాకి అంటుకుని, కాసేపాగి ముద్దగా జారితే సరిపోయినట్టే. మరీ గట్టిపడితే నీళ్ళ బదులు నీ పాలే పిండి కలుపు.

మొదట్లో పూటకి రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకి రెండుసార్లు. మెల్లగా 250 మి.లీ. గిన్నెలో సగం దాకా పెంచు. తొమ్మిదో నెల నుంచి రోజుకి మూడు నాలుగుసార్లు. పాలు మాత్రం తగ్గించకు. 6–8 నెలల్లో పైతిండి నుంచి రోజుకి రావాల్సింది దాదాపు 200 కేలరీలే, మిగతాదంతా పాలదే.

మరి ఇంత హడావిడి దేనికంటావా? ఐరన్ కోసం. పుట్టేటప్పుడు వెంట తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలకల్లా అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండేదేమో కొంచెం. అందుకే ఒట్టి ధాన్యం జావతో సరిపెట్టకు. మెత్తగా ఉడికించి నలిపిన మాంసమో, పప్పో రోజూ ఉండాలి. మాంసంలోని ఐరన్ తేలిగ్గా ఒంటబడుతుంది. పప్పులోది అంత సులువుగా పట్టదు, పక్కన కాస్త నారింజ గుజ్జు పెడితే నయం. ఉప్పు, చక్కెర అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా నాలిక్కి కూడా రాయకు. అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన విషజబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు, వంటింటి మంటకి అవి చావవు.

మొహం చిట్లిస్తే నచ్చలేదని తేల్చేయకు. కొత్త రుచి ఒక్కోసారి ఎనిమిది పదిసార్లు చూపిస్తే గానీ అలవాటవదు. దగ్గుతూ, ఓకరిస్తూ ఉంటే కంగారుపడకు, తనే సర్దుకుంటుంది. గొంతులోంచి శబ్దమే రాకపోతే అది ప్రమాదం. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెక్క ఎముకల మధ్య గట్టిగా 5 చరుపులు చరువు. ఇంకొకళ్ళని అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమను.

గుడ్డు, మెత్తటి వేరుశనగ ముద్ద ఏడాది దాకా ఆపితే ఎలర్జీ రాదనుకునేవాళ్ళు. 2015లో వచ్చిన లీప్ అనే పరిశోధన తిరగేసి చెప్పింది: ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకి వేరుశనగ ఏడాది నిండకముందే రుచి చూపిస్తేనే ఆ ఎలర్జీ బాగా తగ్గిందట. పలుకులుగా మాత్రం పెట్టకు, ముద్దని జావలో పలచగా కలుపు. పొద్దున పూట పెడితే దద్దుర్లేమైనా వస్తే పగలే కనబడతాయి.

అన్నట్టు, పాపకి ఒంటి మీద ఎగ్జిమా, అదే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఏమైనా ఉందా? ఎక్కువగా ఉంటే వేరుశనగ జోలికి డాక్టర్ని అడిగాకే వెళ్ళు. ఉన్నదీ లేనిదీ నాకు రాయి.

నీ
పద్మ