కపిలేయిరా తాతకు, అవ్వకు, నాతో వచ్చిన పదిమందికి

నిన్న ఉదయం నా కాలికి ప్లాస్టర్ తీసేశారు. డాక్టరు గారు నాలుగడుగులు వేయమన్నారు, వేశాను. బయటికొచ్చి బెంచీ మీద కూర్చోగానే మొదట చేయాలనిపించిన పని ఇదే, మీకందరికీ కృతజ్ఞతలు చెప్తూ ఉత్తరం రాయడం. ఆరు వారాలుగా నా కోసం తిరిగినవాళ్లలో ఎక్కువమందికి తెలుగు రాదు. వాళ్లకు స్పానిష్‌లో విడిగా రాసిస్తాను. కానీ నాకొచ్చిన స్పానిష్‌లో 'గ్రాసియాస్' (థ్యాంక్స్) తర్వాత మాట కదలడం లేదు. లోపలున్నది ఉన్నట్టు చెప్పాలంటే ముందు నా భాషలో చెప్పుకోవాలి.

నేను స్పెయిన్‌లోని గ్రనాదా విశ్వవిద్యాలయంలో నీటి నాణ్యత మీద మాస్టర్స్ చేస్తున్నాను. మా క్లాసులో పదకొండుమందిమి శని, ఆదివారాల్లో కలిసి తిరుగుతాం. ముగ్గురు స్పెయిన్ వాళ్లు, మిగతావాళ్లం మెక్సికో, మొరాకో, పోలండ్, ఇటలీ, ఇండియా నుంచి వచ్చినవాళ్లం. ప్రతిసారీ తలా ఇరవై యూరోలు వేసి ఉమ్మడి డబ్బు పెట్టుకుంటాం. ఇక్కడ దాన్ని 'బోతె' అంటారు. నవంబరు మొదటి వారాంతానికి అల్పుహారా వెళ్దామనుకున్నాం. సియెర్రా నెవాదా కొండలకు దక్షిణపు వాలు అది. అక్కడ పొకేయిరా లోయ అంచున పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అనే మూడు తెల్లటి ఊళ్లు మెట్లు పేర్చినట్టు ఒకదానిపైన ఒకటి ఉంటాయి. అన్నిటికంటే పైనున్న కపిలేయిరా 1,400 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటుంది.

అక్కడికే వెళ్దామని పట్టుబట్టింది నేనే. కారణం నీళ్లు. ఆ కొండల్లో 'అసేకియా'లనే సన్నటి కాలువలున్నాయి. ముస్లిం రాజుల కాలంలో తవ్వినవి, వందల ఏళ్లుగా పారుతున్నాయి. వాటిలో కొన్నిటి పని పొలానికి నీళ్లు పెట్టడం కాదు. మంచు కరిగే రోజుల్లో ఆ నీటిని కొండ పైభాగాన పారించి, నేలలోకి ఇంకనిస్తారు. ఆ నీళ్లే మెల్లగా కిందికి దిగి, ఎండాకాలంలో ఊటలై బయటికొస్తాయి. ఈ పనిని 'నీళ్లు విత్తడం' అంటారు. మాది మడకశిర దగ్గర పల్లె. బోరు బావులు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోవడం చూస్తూ పెరిగిన నాకు ఆ మాట విన్నప్పటి నుంచి ఆ కాలువను కళ్లారా చూడాలని ఒకటే తపన.

శనివారం పొద్దున బస్సులో కపిలేయిరా చేరాం. ఊరి కిందనుంచి దారి లోయలోకి దిగి, అబుచీతె అనే వంతెన దాటి, అవతలి గట్టెక్కి, లా సెబదీయా అనే చోటు దాకా వెళ్తుంది. అక్కడొక జలవిద్యుత్ కేంద్రం ఉంది. అది కట్టిన కూలీల కోసం వెలిసిన ఇళ్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. లా సెబదీయా ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక అసేకియా పక్కన నడుస్తున్నాం. రాళ్ల మీద తడిసిన చెస్ట్‌నట్ ఆకులు. కాలు జారింది. పడేటప్పుడు పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని మెలి తిరిగింది. ఆ చప్పుడు నాకూ వినిపించింది, నా వెనకున్న మొరాకో అమ్మాయికీ వినిపించింది.

ముందు ఆదివారమే గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆరున్నర లోపే చీకటి. లోయలో ఇంకా ముందే ఎండ పోతుంది. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఇవన్నీ నా బుర్రలో ఒక్కసారిగా తిరిగాయి. "మీరు వెళ్లండి, ఇద్దరుంటే చాలు" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. నేను ముందుగా చెప్పాలనుకున్నది దీని గురించే. ఎవరూ చర్చ పెట్టలేదు, వాచీ చూసుకోలేదు. అందరి బ్యాగులూ కింద పెట్టేశారు, అంతే. పోలండ్ అబ్బాయికి ప్రథమ చికిత్స వచ్చు. తన నడక కర్రలు రెండూ నా కాలికి అటూ ఇటూ పెట్టి, ఎవరిదో మఫ్లర్ చింపి కట్టాడు. స్పెయిన్ అబ్బాయిలిద్దరు సిగ్నల్ దొరికేదాకా కొండెక్కి, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసి, మళ్లీ పరిగెత్తుకుంటూ దిగి వచ్చారు. స్పృహ ఉంది, గాయం తెరుచుకోలేదు కాబట్టి, కాలు కదలకుండా కట్టి బండి దారి దాకా చేర్చమని అవతలినుంచి డాక్టరు చెప్పారట.

ఎలా చేర్చాలి? సన్నటి కాలిబాట, ఒక పక్క లోయ. నలుగురు నన్ను ఎత్తుకుని పది అడుగులు వేసి ఆగిపోయారు.

అప్పుడు వచ్చారు తాత. పైతోటలో చెస్ట్‌నట్లు ఏరుకుని, సంచులు కంచర గాడిద మీద వేసుకుని దిగుతున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. నా కాలి వంక ఒక్కసారి చూశారు. ఏమీ అడగకుండా సంచులు విప్పి గట్టు మీద పెట్టారు. అది ఆయన రోజంతటి కష్టం. అలా దారిలో వదిలేశారు. సంచుల కింద పరిచిన హరాపా దుప్పటి (పాత గుడ్డ పేలికలతో మగ్గం మీద నేసే అక్కడి దుప్పటి) నాలుగు మడతలు వేసి, నన్ను ఎక్కించి, తాను ముందు నడిచారు. అటొకరు ఇటొకరు నా నడుము పట్టుకున్నారు. రాయి వచ్చిన ప్రతిసారీ తాత గాడిదను ఆపి, దాని చెవిలో ఏదో చెప్పి, మెల్లగా అడుగు వేయించారు.

నొప్పి మర్చిపోవడానికి మాట్లాడుతూ ఉండమన్నారు. నాకు మాట రావడం లేదు. మొరాకో అమ్మాయి అందుకుంది. కాలువ చూపించి "అసేకియా అన్నది మా మాటే, మేం సాకియా అంటాం" అంది. తాత 'అల్బెర్కా' అన్నారు, నీటి తొట్టి. ఆమె 'బిర్కా' అంది. ఆయన 'అసెయితె' అన్నారు, నూనె. ఆమె 'జెయిత్' అంది. 1568లో అక్కడి మొరిస్కోలు, అంటే బలవంతంగా మతం మార్చిన ముస్లింలు, రాజు మీద తిరగబడ్డారు. తిరుగుబాటును అణిచేశాక వాళ్లను ఆ కొండల నుంచి తరిమేశారు. కాలువల పనీ పట్టుపురుగుల పనీ కొత్తవాళ్లకు నేర్పడానికి ఊరికి రెండు కుటుంబాలను మాత్రం ఉంచారని తాత చెప్పారు. పట్టుపురుగులు అనేసరికి నాకు మాట వచ్చింది. మా నాయన మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతారని, పంట గూళ్లు హిందూపురం మార్కెట్‌కు తోలతారని స్పానిష్, ఇంగ్లిష్, తెలుగు కలిపి చెప్పాను. తాత వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. "అయితే నువ్వు మా మనిషివే" అన్నారు.

లా సెబదీయా దగ్గరికి ఆయన అన్న కొడుకు జీపు తెచ్చాడు. కపిలేయిరాలో తాత ఇంటి ముందు దింపారు. అంబులెన్సు ఓర్హివా నుంచి మెలికల దారిలో ఎక్కి రావాలి. అంతసేపూ అవ్వ నన్ను పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. నేను మాంసం తిననని తెలిసి, ఉల్లిపాయలు, కారం లేని పచ్చి మిరపకాయలు వేసి ఆలివ్ నూనెలో మెల్లగా మగ్గించిన బంగాళాదుంపలు పెట్టింది. 'పేదవాళ్ల దుంపలు' అని దాని పేరు. పదకొండుమందికీ పెట్టింది. వంటింట్లో ఉన్న దుంపలన్నీ ఆ పూటే అయిపోయి ఉంటాయి.

పడుకుని పైకి చూశాను. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద పలక రాళ్లు. మా జేజి ఇంటి మిద్దె. నిజంగా అదే మిద్దె! పైన ఏం పోస్తారని అడిగాను. 'లౌనా' అన్నారు. బూడిద రంగు బంక మట్టి, దాని గుండా నీళ్లు దిగవు. మా వైపు మట్టి మిద్దెల మీద చౌడు పోస్తాం, వానలకు ముందు మళ్లీ కొత్తది పోసి సరిచేస్తాం. వాళ్లూ అంతే. చంద్రుడు తగ్గే రోజుల్లో పోస్తేనే లౌనా నిలుస్తుందని పాతవాళ్లు చెప్పేవారట. ఎన్ని వేల మైళ్ల దూరంలో ఉన్నానో ఆ కాసేపు గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని అవ్వ నా తల నిమిరింది.

మోత్రిల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బయటి వైపు చిన్న ఎముక చివర పగిలింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రోగితో ఒక్కరినే లోపలికి రానిస్తారు. మిగిలినవాళ్లలో కొందరు వెయిటింగ్ హాల్లో కుర్చీల్లోనే తెల్లవార్లూ ఉన్నారు. కపిలేయిరాలో మేం డబ్బు కట్టిన గదులు ఆ రాత్రి సగం ఖాళీ. అంబులెన్సులో వచ్చిన ఇద్దరూ, రాత్రి డ్యూటీ నర్సూ ఎవరో ఏమో, పేర్లు అడగాలన్న ధ్యాస కూడా లేదు. నర్సు మాత్రం ప్రతి మాటా రెండుసార్లు మెల్లగా చెప్పింది, నాకు అర్థమయ్యేదాకా. ఆమెకు నా నమస్కారం.

స్పెయిన్‌కు చదువుకు వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇక్కడొక మాట. వీసా కోసం తీసుకునే ఆరోగ్య బీమాను ఏదో కాగితం అనుకుని పెట్టెలో పడేయకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర వైద్యం చేస్తారు, ఆ తర్వాత బిల్లు ఎవరికి పంపాలని అడుగుతారు. నా కార్డు గ్రనాదాలో బీరువాలో ఉంది. బిల్లు గురించి నాకు కాలికంటే ఎక్కువ టెన్షన్. ఇటలీ అమ్మాయి ఆ అర్ధరాత్రి నా ఈమెయిల్ అంతా వెతికి, పాలసీ నంబరు పట్టి, బీమా వాళ్ల ఎమర్జెన్సీ లైనుకు ఫోన్ చేసి గంటకు పైగా వేచి ఉండి, వాళ్లే కడతారని ఖాయం చేయించాకే కుర్చీలో వాలింది. కార్డు ఫోటో, పాస్‌పోర్టు ఫోటో, నివాస కార్డు ఫోటో ఫోన్లో పెట్టుకోండి. 112 యూరప్ అంతటా పనిచేసే నంబరు. కొండల్లోకి వెళ్తే ఏ దారిలో వెళ్తున్నారో ఊళ్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి.

నా గది గ్రనాదా పాత పేట అల్బైసీన్‌లో, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వీధులన్నీ గులకరాళ్ల ఎగుడు దిగుళ్లు. పోలండ్ అబ్బాయిది కింది అంతస్తు గది. నేను అడగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తన సామాను నా గదికి, నా సామాను తన గదికి మార్చేసి ఉన్నాడు. ఆరు వారాలు ఆ మూడంతస్తులూ అతనే ఎక్కి దిగాడు. బోతెలో మిగిలిన డబ్బుతో మెక్సికో అమ్మాయి ఊతకర్రలు కొనుక్కొచ్చింది. ఊతకర్రల్ని స్పానిష్‌లో 'ములేతాస్' అంటారు. 'మూలా' అంటే కంచర గాడిద, ములేతా అంటే చిన్న కంచర గాడిద. ఆ సంగతి చెప్పినప్పుడు పదకొండుమందిమీ ఒక్కసారే తాతను తలుచుకున్నాం.

ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న గుంటూరు అక్క ఉంది. మొదటి ఎనిమిది రోజులు తన ల్యాబ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి, వండి, జడ వేసి, రాత్రి చివరి బస్సుకు వెళ్లేది. అక్కా, ఆ శనివారం రాత్రి అమ్మకు ఫోన్ చేసే ధైర్యం లేక నీకు చేశాను. "ఎక్స్‌రే రానీ, అప్పుడు ఇద్దరం కలిసి చెప్దాం" అన్నావు. అమ్మ ఏడవకుండా చెప్పింది నువ్వు. అదెలా చేశావో నాకిప్పటికీ తెలియదు. క్లాసు నోట్సులు పంపినవాళ్లకు, నా కోసం పాఠాలు రికార్డు చేయడానికి ఒప్పుకున్న మాస్టార్లకు కూడా నా కృతజ్ఞతలు.

తాత చెస్ట్‌నట్ సంచుల గురించి నాకు దిగులుగానే ఉండేది. మర్నాడు మావాళ్లు ఐదుగురు ఆ దారిన మళ్లీ వెళ్లి, గట్టు మీదున్న సంచుల్ని భుజాన వేసుకుని తెచ్చి ఇంటి దగ్గర దింపారట. నాకు నాలుగు రోజుల దాకా ఆ మాట కూడా చెప్పలేదు. డబ్బు ఇవ్వబోతే తాత తీసుకోలేదట. "ఆ పిల్ల నడిచి వచ్చి కనబడాలి" అన్నారట.

క్రిస్మస్ సెలవులకు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లేలోపు, ఈ శనివారం పదకొండుమందిమీ కపిలేయిరా వెళ్తున్నాం. అమ్మ పార్సిల్లో చెనక్కాయల ఉండలు పంపింది, అవ్వకోసం. చౌడు ఎలా ఉంటుందో చూడాలని తాత ఆ రోజే అడిగారు. పోయిన వారం నాయన జేజి ఇంటి మిద్దె ఎక్కి, పారతో చౌడు సరిచేస్తూ ఫోటో తీయించుకుని పంపారు. దాన్ని పెద్దగా ప్రింటు తీయించి బ్యాగులో పెట్టుకున్నాను.