ఆ లక్షా ఇరవై వేలకి రెండో పక్క

చిన్నపాపకి,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు మామూలే, మెట్లెక్కొద్దంటే వినదు, ఎక్కి దిగాక నూనె రాయమంటుంది. తోతాపురి ధర గురించి మీ మామ రోజూ ఫోన్ చేసి నన్నే తిడతాడు, ధర నేనేదో పెట్టినట్టు. నీకు ఫోన్ చేస్తే "మిషన్ల దగ్గర ఉన్నా నాయనా, మళ్లీ చేస్తా" అంటావు, ఆ మళ్లీ అనేది రావడం లేదు, అందుకని రాస్తున్నా. వేరే విశేషం ఏమీ లేదు.

నీ కుట్టు వ్యాపారానికి నువ్వు రాసి పంపిన లెక్కల షీటు ప్రింటు తీయించుకుని చూశాను. అక్షరాలు మరీ చిన్నవి, అయినా శుభ్రంగా రాశావు. ఒక్కటే సంగతి, జూన్ 18న బ్యాంకులోకి 1,20,000 వచ్చినట్టు ఉంది, ఎదురుగా "అడ్జస్ట్" అని ఉంది. సరే, దాని గురించి తర్వాత చూద్దాం.

ముందు అసలు చెప్పాల్సింది, నువ్వు రాసింది లెక్కే కానీ సగం లెక్క. డబ్బు వచ్చింది, డబ్బు పోయింది అని ఒక వరసలో రాస్తే అది ఇంటి పద్దు. వ్యాపారానికి జంటపద్దు కావాలి. ప్రతి వ్యవహారం రెండు చోట్ల పడాలి, ఒక పక్క డెబిట్, అంటే ఎటు చేరిందో, ఒక పక్క క్రెడిట్, అంటే ఎటు నుంచి వచ్చిందో, రెండూ సమానం. ఏప్రిల్లో నీ పొదుపు రెండు లక్షలు పెట్టి మొదలుపెట్టావు కదా, బ్యాంకు ఖాతాకి డెబిట్, నీ మూలధనం ఖాతాకి క్రెడిట్. అదేంటి, నా డబ్బు నాకే అప్పు రాసినట్టుందే అంటావు. అంతే మరి, పుస్తకంలో వ్యాపారం వేరే మనిషి, నువ్వు వేరే మనిషి. మిషన్లు రెండూ 56,000 పెట్టి కొన్నావు, దాన్ని ఖర్చులో వేసేశావు. వేయకూడదు. మిషన్లు ఆస్తి, యంత్రాల ఖాతాకి డెబిట్, బ్యాంకుకి క్రెడిట్, తర్వాత ఏటా తరుగుదల కొంచెం కొంచెం ఖర్చులోకి వస్తుంది. లేకపోతే మొదటి నెలలోనే నువ్వు మునిగిపోయినట్టు కనబడుతుంది, అది చూసి నువ్వు టెన్షన్ పడతావు, ఎవరి దగ్గరో చేయి చాస్తావు. చాస్తావని కాదు, ఊరికే అంటున్నా.

ఈరోడ్ నుంచి గుడ్డ అప్పు మీద తెచ్చావు, 38,400. అది నీ షీటులో లేనే లేదు, డబ్బు ఇంకా ఇవ్వలేదు కాబట్టి రాయలేదు. డబ్బు కదలకపోయినా వ్యవహారం జరిగింది కదా పాపా. కొనుగోళ్లకి డెబిట్, ఆ గుడ్డల వ్యాపారి పేరుకి క్రెడిట్, ఆ రోజే రాయాలి. ఆయనకి డబ్బు పంపిన రోజు ఆయనకి డెబిట్, బ్యాంకుకి క్రెడిట్. అలాగే ఆ పెళ్లివాళ్లు రిటర్న్ గిఫ్టు సంచులకి ఇచ్చిన అడ్వాన్సు పదివేలు అమ్మకంలో కలిపేశావు. సంచులు కుట్టి ఇచ్చేదాకా ఆ డబ్బు నీది కాదు, వాళ్లకి నువ్వు బాకీ. గాంధీరోడ్డు కొట్టువాళ్లు అరువు తీసుకున్నది మాత్రం అమ్మకమే, వాళ్ల పేర్ల మీద డెబిట్ పెట్టు, నెలాఖరుకి ఒక్కొక్కరినీ అడుగు. అడగడానికి మొహమాటపడతావు నువ్వు, మీ అమ్మ పోలిక.

ఇంకోటి, బ్యాంకు వాళ్ల స్టేట్‌మెంటు చూసి తికమక పడొద్దు. నీకు డబ్బు వస్తే వాళ్లు క్రెడిట్ అంటారు, ఎందుకంటే అది వాళ్ల పుస్తకం, వాళ్లు నీకు బాకీ పడ్డారు. నీ పుస్తకంలో అదే డెబిట్. నెలకి ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకొచ్చిందో చూసుకో. క్యూఆర్ కోడ్ మీద వచ్చే చిల్లర డబ్బుల్లోనే ఎక్కువ తప్పిపోతాయి.

బుజ్జి పెళ్లి ఫోటోలు వచ్చాయి, చూశావా? నువ్వు ఆకుపచ్చ పట్టుచీరలో బాగున్నావు. మెడలో ముత్యాల దండ కూడా బాగుంది. జాతరకి వచ్చినప్పుడు మాత్రం అవ్వ గొలుసు వేసుకున్నావు, రెండు వరసలది. మీ అమ్మ ఫోటో పెద్దది చేసి చూస్తూ కూర్చుంది, నాతో ఏమీ అనలేదు. గిరింపేట అత్త ఏదో అంది, ఆమె మాటలు నేను పట్టించుకోను.

కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ నేర్చుకుంటానన్నావు, మంచిదే. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, బ్యాంకు నుంచి చేతికి తీసుకుంటే ఎఫ్4. కానీ మీట నొక్కితే సరిపోదు, ఏ ఖాతా అన్నది నువ్వే చెప్పాలి. లెక్క కలిసింది కాబట్టి నిజమే అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మండీలో జరిగింది నీకు చెప్పానో లేదో. చెప్పుంటే మళ్లీ విను.

నేను బెల్లం మండీలో చేరిన కొత్తలో మాకు ఇద్దరు మునిరత్నాలు ఉండేవాళ్లు. ఒకాయన పెనుమూరు వైపు, ఇంకొకాయన జీడీ నెల్లూరు వైపు, ఇద్దరికీ గానుగలే. పెనుమూరాయన గానుగ మొదలవ్వకముందే 5,000 అడ్వాన్సు తీసుకున్నాడు, తర్వాత బెల్లం తెచ్చాడు, కమీషను హమాలీ పోగా 7,260 ఆయనకి జమ పడాలి. అప్పటి పాత గుమస్తా, పెద్దమనిషే, కళ్లజోడు మార్చుకోమంటే మార్చుకోడు, ఆ 7,260 తీసుకెళ్లి జీడీ నెల్లూరాయన పేజీలో వేశాడు. ఆ ఏడు అంకణా, అదే డెబిట్లన్నీ ఒక పక్క క్రెడిట్లన్నీ ఒక పక్క కూడి సరిచూసే పట్టీ, పైసాతో సహా కలిసింది. మామూలుగా తేడా వచ్చి రాత్రుళ్లు కూర్చుని వెతికేవాళ్లం. తేడాని తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలకపోతే అంకెలు తారుమారు అయ్యుండొచ్చని, తేడాలో సగం ఎంతో అంత మొత్తం ఎక్కడైనా తప్పు వైపు పడిందేమో చూడమని అప్పుడే నేర్చుకున్నా. ఆ ఏడు ఏమీ లేదు, షావుకారు అందరికీ మైసూరుపాకు పంచాడు.

తర్వాత పెనుమూరాయన రావాల్సిన 2,260 అడగడానికి వచ్చాడు. పుస్తకం తీస్తే ఆయనే 5,000 బాకీ ఉన్నట్టుంది. ఆయన గొంతు పెంచాడు, షావుకారు అంతకన్నా పెంచాడు, పుస్తకం అబద్ధం చెబుతుందా అని. ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు, మరుసటి వారం ఆయన బెల్లం ఎదురు మండీలో దిగింది. సంక్రాంతి ముందు జీడీ నెల్లూరాయన లెక్క తేల్చుకోవడానికి వచ్చాడు. డబ్బు ఇచ్చాం, వేలిముద్ర వేశాడు, పోయాడు. టీ తాగి మళ్లీ వచ్చాడు. "అయ్యా, నాకు చదువు రాదు, కానీ నా చేతుల మీదుగా ఎన్ని దిమ్మెలు పోయినాయో నాకు తెలుసు, ఇది జాస్తి" అని మూట మేజా మీద పెట్టాడు. అప్పుడు పట్టీలన్నీ తీసి వెతికే పని నాకు అప్పజెప్పారు, దొరికింది. షావుకారు నన్ను వెంటబెట్టుకుని పెనుమూరు వెళ్లాడు డబ్బు ఇవ్వడానికి. ఆయన డబ్బు తీసుకున్నాడు, మజ్జిగ ఇచ్చాడు, బెల్లం మాత్రం మళ్లీ మా మండీకి తేలేదు.

డెబిట్ ఎంతో క్రెడిట్ అంతే, మొత్తాలు కలిశాయి, పేరు మాత్రం తప్పు. అంకణా దాన్ని పట్టుకోలేదు. నీ దగ్గర కుట్టుపనికి ఇద్దరు లక్ష్ములు ఉన్నారన్నావు, కొర్లగుంట లక్ష్మి, తిరుచానూరు లక్ష్మి అని ఊరు కూడా రాయి.

ఇదంతా కొత్త సంగతి కాదు. ఇటలీలో లూకా పాచియోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన లెక్కల పుస్తకంలో ఈ పద్ధతి వివరించాడు, ఆయన రాసేటప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్నారు. అప్పటి నుంచీ "అడ్జస్ట్" అనే ఖాతా ఎవరూ పెట్టలేదు. మరీ తెలియకపోతే అనామతు ఖాతాలో పెడతారు, తెలిసిన రోజున అక్కడి నుంచి తీస్తారు. నీకు తెలియకపోవడమేముంది?

వేలూరు కొట్టు నుంచి ఆర్డరు వస్తుందన్నావే, వెంటనే ఒప్పుకోకు. మన రాష్ట్రంలోపలే సరుకు అమ్మితే ఏడాదికి నలభై లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు కానీ, తమిళనాడుకి ఒక్క బేలు పంపినా నమోదు కావాలి. ఆడిటరు గారిని అడిగి చెయ్యి. ఇంటద్దె, స్కూటర్లో సొంతానికి తిరిగిన పెట్రోలు వ్యాపారం డబ్బులోంచి ఇస్తే సొంతవాడకాలని రాయి. మధ్యాహ్నం అన్నం తింటున్నావా, టీ బిస్కెట్టుతో సరిపెడుతున్నావా? అల్లుడు కూడా చిక్కిపోయాడు ఫోటోలో.

సరే, అడిగేస్తున్నా. గొలుసు మే నెలలో ఉంది, జూన్ 18న డబ్బు వచ్చింది, శ్రావణంలో పెళ్లికి గొలుసు లేదు. మూడు తేదీలు పక్కపక్కన పెడితే నాకు ఇంకేం చూడాలి? కుదువ పెట్టావనుకో, పెట్టు, అది నీది, అవ్వ నీకే ఇచ్చింది. కానీ ఆ డబ్బు ఆకాశం నుంచి పడలేదు, బ్యాంకుకి డెబిట్ రాశావంటే ఎదురుగా బంగారం అప్పు అని క్రెడిట్ రాయాలి. నీ పేరు మీద తీసుకున్నా వ్యాపారానికి వాడితే వ్యాపారం పుస్తకంలోనే ఉండాలి. వడ్డీ ఖర్చు, అసలు తీర్చింది ఖర్చు కాదు, రెండూ కలిపి ఒకే వరసలో రాయొద్దు. గడువు ఎప్పటికి? వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ పోతే ఏళ్లు గడిచిపోతాయి, కట్టకపోతే వేలం వేస్తారు. అది బ్యాంకా, ప్రైవేటు ఫైనాన్సా? అల్లుడికి తెలుసా? తెలియకపోతే అది ఏ ఖాతాలోనూ పట్టదు, ముందు అతనికి చెప్పు.

బంగారం కాకుండా రోజువారీ వసూళ్ల వాళ్ల దగ్గర తీసుకుని ఉంటే మాత్రం వెంటనే చెప్పు, నా దగ్గర పోస్టాఫీసు డిపాజిట్ ఉంది, మీ అమ్మకి తెలియదు. నేనిచ్చినా ఊరికే ఇవ్వను, నా పేరు మీద క్రెడిట్ రాసి పేజీ ఫోటో పంపాలి.

ఫోన్ చేయడానికి టైం లేకపోతే వద్దులే. ఆ వరసకి ఎదురుగా పేరు రాసి పంపు చాలు. అంకణా కూడా వేసి పంపితే నేను సరిచూస్తా, నాకు పొద్దుపోదు.

ఆదివారం మీ మామ కొడుకు బస్సులో తిరుపతి వస్తున్నాడు, ఊరుబిండి, నువ్వులుండలు, రెండు లెడ్జరు పుస్తకాలు అతని చేత పంపుతున్నా. పుస్తకాల్లో మొదటి పేజీ పసుపు పెట్టి మీ అమ్మ "శ్రీ" రాసింది, అది ఖాళీగానే వదిలెయ్యి. నువ్వులుండల డబ్బా పెద్దమ్మది, కడిగి అతనితోనే తిప్పి పంపు, పోయినసారి స్టీలు క్యారియరు నీ దగ్గరే ఉండిపోయింది, ఆమె ఇంకా అడుగుతోంది.

మీ నాయన