జింకల పార్కుకు కంచె వేసే ముందు లెక్క వేయించండి

తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల రైతులు కృష్ణజింకలతో పడే అవస్థ మీకు తెలిసిందే. పత్తి మొలిచి రెండాకులు వేసిందో లేదో, తెల్లారేసరికి మంద దిగి సాళ్లకు సాళ్లు కొరికేసి పోతుంది, మళ్లీ విత్తనాలు కొనాలి, మళ్లీ పెట్టాలి. చేను చుట్టూ పాత చీరలు కడితే నాలుగు రోజులు బెదురుతాయి, అంతే. అందుకే జింకల పార్కు కావాలని అడుగుతున్నారు, అడగడం న్యాయమే. కానీ పార్కంటే కంచె వేసి, నీటి తొట్లు కట్టి, జింకల్ని లోపలికి తోలడమే అయితే కష్టం ఇంకో చోట మొదలవుతుంది.

ఈ జింకను వేటాడిన చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. 2022 నుంచి ఆఫ్రికా చీతాలను తెచ్చి పెట్టింది మధ్యప్రదేశ్‌లో. మన మైదానాల్లో తోడేళ్లు ఏవో కొన్ని మిగిలాయి, కంచె కడితే అవీ లోపలికి రావు. ఆడజింక ఈతకు ఒక్క పిల్లనే పెడుతుంది, నిజమే, అయినా ఏడాదికి 20 శాతం పెరిగాయనుకున్నా 200 జింకలు పదేళ్లలో 1,200 దాటుతాయి. గడ్డి నేల మాత్రం పెరగదు.

అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్లను వదిలారు. అక్కడ తోడేళ్లు లేవు. 1963కి 6,000 అయ్యాయి, మేత తినేశాయి, ఆ చలికాలం గట్టిగా పడింది, 1966లో చూస్తే మిగిలినవి 42. మన దగ్గర మంచు అక్కర్లేదు, రెండేళ్లు వరసగా వానలు లేకపోతే చాలు.

ఏడాదికోసారి తలలు లెక్కపెడితే ఇది ముందుగా తెలియదు. మేత తగ్గేటప్పుడు మొదట చచ్చేది పిల్లలు, తర్వాత ఎదిగే ఆడజింకలు మొదటి ఈతకు రావడం ఆలస్యమవుతుంది, పెద్దవి చివర్లో పడిపోతాయి, అంటే మొత్తం సంఖ్య బాగానే కనిపిస్తున్నప్పుడే లోపల పరిస్థితి మారిపోయి ఉంటుంది. అందుకని వేసవి చివర నూరు ఆడజింకలకు ఎన్ని పిల్లలు మిగిలాయో చూసి, దాని పక్కనే గడ్డి ఎంత ఉందో, వాన ఎంత పడిందో రాయించండి. బీట్ ఆఫీసర్లు చేయగల పనే. ఆ అంకెలతోనే జనాభా మోడల్, అంటే రాబోయే ఏళ్లలో మంద ఎంత అవుతుందో అంచనా వేసే లెక్క, కట్టాలి.

ఎక్కువైన జింకల్ని వేరే చోటికి తరలించాలన్నా ఇదే లెక్క కావాలి. ఒక్క మగజింక చాలా ఆడవాటితో కలుస్తుంది కాబట్టి మగవాటినే పట్టుకెళ్తే మరుసటి ఏడు పిల్లలు పెద్దగా తగ్గవు. ఆడవాటిని తగ్గించినా, మిగిలినవాటికి మేత దండిగా దొరికి ఇంకా బాగా ఈనుతాయి, కాబట్టి ఎన్నింటిని, ఎన్నేళ్లకోసారి అన్నది మోడల్ చెప్పాలి. అవి దట్టమైన అడవిలో ఇమడవు, మైదానం కావాలి, ఆ చోటు కూడా ఇప్పుడే చూడాలి.

టెండర్ పిలిచే ముందే, ఈ వేసవి చివరే మొదటి లెక్క తీయించండి. ఆ అంకెలు పంచాయతీ ఆఫీసుల్లో అంటించండి, యూనివర్సిటీల వాళ్లకూ ఇవ్వండి. అప్పటిదాకా పంట నష్టం డబ్బు మళ్లీ విత్తే లోపు చేతికందేలా చూడండి.

ఇట్లు,
కృష్ణా తీరం నుంచి ఒక రైతు బిడ్డ