నీలం అట్ట పుస్తకం వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకో మీకు పూర్తిగా చెప్పాలి

అందరికీ నమస్కారం. మన సెంటర్‌లో ఓఈటీ, అంటే బయటి దేశాల్లో పనిచేయాలనుకునే నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీష్ పరీక్ష, దాని రీడింగ్ బ్యాచ్‌కు కిందటి నెల ఇచ్చిన నీలం అట్ట పుస్తకం మీ దగ్గర ఉంటే దయచేసి ఇక దాన్ని తెరవకండి. అందులో మందుల డోసులు తప్పు పడ్డాయి. 23 చోట్ల మైక్రోగ్రాములు ఉండాల్సిన దగ్గర మిల్లీగ్రాములని అచ్చయింది. ఇంగ్లీష్ మాటల పక్కన ఇచ్చిన తెలుగు అర్థాలు కూడా చాలాచోట్ల చెడిపోయాయి. మొత్తం 61 కాపీలు బయటికి వెళ్లాయి, 58 మందికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ముగ్గురి నంబర్లు పనిచేయట్లేదు. వాళ్లకు చేరాలని, ఫోన్లో హడావుడిగా విన్న మిగతావాళ్లకు సంగతంతా తెలియాలని ఇది రాస్తున్నాను.

ఎలా బయటపడిందో చెప్తాను. పొద్దున తొమ్మిదిన్నర బ్యాచ్, అంటే మీలో చాలామంది నైట్ డ్యూటీ దిగి, అమీర్‌పేట మెట్రో దగ్గర ఒక టీ తాగి, కళ్లు మంటలు పుడుతున్నా మెట్లెక్కి వచ్చే బ్యాచ్. ఆ రోజు పార్ట్ ఏ చేయిస్తున్నాను. కొత్తగా చేరబోయేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు: రీడింగ్ పేపరు మొత్తం గంట, 42 ప్రశ్నలు. అందులో పార్ట్ ఏకి 15 నిమిషాలే, ఒకే జబ్బు మీద నాలుగు చిన్న టెక్స్టులు, 20 ప్రశ్నలు. టెక్స్టులో ఉన్న మాట ఉన్నట్టు ఎత్తి రాయాలి, స్పెల్లింగ్ తప్పితే మార్కు రాదు, టైమ్ అయ్యాక మళ్లీ వెనక్కి వెళ్లనివ్వరు.

ఆ రోజు టెక్స్టులు హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేయడం మీద. దానికిచ్చే మందు లెవోథైరాక్సిన్ మొదటి డోసు ఎంత అన్నది పదకొండో ప్రశ్న. క్లాసులో ఇరవై మంది ఉన్నారు. పేపర్లు మార్చుకుని దిద్దుతుంటే పంతొమ్మిది మంది 50 ఎంజీ, అంటే మిల్లీగ్రాములు అని రాశారు, నా చేతిలోని జవాబుల కీలో కూడా 50 ఎంజీ అనే ఉంది, నేను పైకి చదివేశాను కూడా. ఒక్క అమ్మాయి ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఎందుకమ్మా అంటే లేచి నిలబడి, "మేడమ్, మా వార్డులో ఇది మైక్రోగ్రాముల్లో ఇస్తాం కదా, ఇక్కడ ఎంజీ అని ఉంది, ఏది రాయాలో తెలియక వదిలేశాను" అంది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. వాళ్లలో సగం మంది ఆ మాత్రను రోజూ పొద్దున ఆరింటికి పరగడుపున పేషెంట్ చేతిలో పెట్టేవాళ్లే. 50 మిల్లీగ్రాములంటే 50 మైక్రోగ్రాముల మాత్రలు వెయ్యి, అంటే వంద మాత్రల సీసాలు పది ఒకే రోజు ఇచ్చినట్టు. అది వాళ్లకు తెలియక కాదు. పుస్తకంలో అచ్చయింది కాబట్టి నమ్మారు, నేను ఇచ్చాను కాబట్టి నమ్మారు. నాకు ఆ రోజంతా అన్నం దిగలేదు.

సాయంత్రం పాత ఫైలు, అచ్చు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే సంగతి అర్థమైంది. ఆ టెక్స్టులు నేను ఎనిమిదేళ్ల క్రితం టైప్ చేయించుకున్న హ్యాండవుట్లు. మైక్రోగ్రామ్ అని పూర్తిగా రాయకుండా మైక్రోకు వాడే మ్యూ (µ) గుర్తు పెట్టి పక్కన జీ పెట్టించాను. ఆ మ్యూ గుర్తును అప్పట్లో సింబల్ ఫాంట్‌తో కొట్టారు. ఆ ఫాంట్‌లో కీబోర్డు మీద ఎం నొక్కితే తెర మీద మ్యూ కనిపిస్తుంది, ఫాంట్ మార్చేస్తే లోపలున్న ఎం బయటికొస్తుంది. డీటీపీ చేసినతను పేజీలన్నీ ఒకేలా కనిపించాలని ఇంగ్లీష్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఒకే ఫాంట్‌లోకి మార్చాడు. ఒక్క క్లిక్కుతో మైక్రోగ్రాములన్నీ మిల్లీగ్రాములైపోయాయి. అసలు ఎంజీగా ఉండాల్సినవీ ఎంజీగానే ఉన్నాయి కాబట్టి చూస్తే తేడా ఎక్కడా కనిపించదు.

ఇందులో నా తప్పు ఉంది, దాచను. బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ, అంటే అక్కడి డాక్టర్లూ నర్సులూ రోజూ చూసే మందుల పుస్తకం, మైక్రోగ్రామ్ అన్న మాటను కుదించొద్దు, పూర్తిగా రాయండి అని చెప్తుంది. ఆ మాట మీకు క్లాసులో చెప్పేది నేనే, నా హ్యాండవుట్లో పాటించలేదు. రెండోది, ఆఖరి ప్రూఫ్ రాత్రి పదకొండూ నలభైకి వాట్సాప్‌లో వచ్చింది. అట్ట చూశాను, విషయసూచిక చూశాను, ఫోన్ నంబరు చూశాను, మొదటి పది పేజీలు చూసి ఓకే అని పెట్టాను. తొమ్మిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన మనిషిని, ఇన్సులిన్ లోడ్ చేస్తే పక్క సిస్టర్‌ను పిలిచి చూపించకుండా ఏ రోజూ ఇవ్వలేదు. ఆ రాత్రి మాత్రం రెండో మనిషికి చూపించలేదు.

కానీ ఫాంట్ సంగతి పొరపాటు. తెలుగు అర్థాల సంగతి పొరపాటు కాదు, అదే నాకు ఎక్కువ బాధ.

నా రాతప్రతిలో ఇంగ్లీష్ మాట పక్కన తెలుగు ఒక్క ముక్కలో ఉండదు, మన వార్డులో ఎలా చెప్పుకుంటామో అలా ఒక వాక్యంలా ఉంటుంది. అక్యూట్ అంటే ఉన్నట్టుండి మొదలై కొద్ది రోజులుండేది. ప్రొడక్టివ్ కాఫ్ అంటే కఫం పడే దగ్గు. పొట్ట టెండర్‌గా ఉందంటే నొక్కితే నొప్పి అంటున్నారని. ఎక్స్‌రే అన్‌రిమార్కబుల్ అంటే అందులో తేడా ఏమీ కనిపించలేదని. మందు విత్‌హోల్డ్ చేయండి అంటే ఇప్పుడు ఇవ్వకుండా ఆపమని. ఇవి వరసలో పట్టట్లేదని, పేజీలు పెరుగుతున్నాయని, ప్రెస్‌లో ఎవరితోనో డిక్షనరీ చూసి ఒక్కో మాటకు కుదింపించారు. నన్ను అడగలేదు. పుస్తకంలో ఇప్పుడు ప్రొడక్టివ్ కాఫ్‌కు ఉత్పాదక దగ్గు అని ఉంది. టెండర్‌కు మృదువైన. విత్‌హోల్డ్‌కు దాచిపెట్టు. అక్యూట్‌కూ తీవ్రమైన, సివియర్‌కూ తీవ్రమైన.

ఆ ఆఖరిది చిన్నదనుకోకండి. పార్ట్ సీలో ఎనిమిది వందల మాటల వ్యాసం ఇస్తారు, నాలుగు ఆప్షన్లలో రెండు దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాంట్లో జబ్బు హఠాత్తుగా వచ్చిందని, ఇంకోదాంట్లో జబ్బు బాగా ముదిరిందని. అక్యూట్ అంటే తీవ్రమైన అని బుర్రలో పడిపోయినవాళ్లు రెండోదే పెడతారు. అక్యూట్ ఆన్ క్రానిక్ కిడ్నీ అని రాస్తే వాళ్లకు తల తిరుగుతుంది, ఏళ్ల తరబడి ఉన్న జబ్బు ఉన్నట్టుండి ఎక్కువైందన్న ముక్క వాళ్లకు దొరకదు. అక్యూట్ అంటే స్వల్పంగా కూడా ఉండొచ్చు, మామూలు జలుబు కూడా అక్యూటే. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేను మొదటిసారి రాసినప్పుడు రీడింగ్‌లో 310, రెండోసారి 330. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కు కావాల్సిన బీ గ్రేడ్ 350 దగ్గర మొదలవుతుంది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, డిక్షనరీలో ఒక్క మాట చూసి బట్టీ పట్టడం తప్ప వేరే దారి తెలియదు. మూడోసారి రాసే ముందు ఒక రూళ్ల నోట్‌బుక్కులో ప్రతి మాటనూ మా అమ్మకు చెప్తున్నట్టు వాక్యంగా రాసుకున్నాను, 370 వచ్చింది. మీకు ఇచ్చే తెలుగు వరస ఆ నోట్‌బుక్కులోంచి వచ్చింది.

ప్రెస్‌కు వెళ్లి అడిగితే అక్కడున్నాయన చాలా తేలిగ్గా, "ఇంగ్లీష్ పరీక్ష పుస్తకంల తెలుగు ఎవరు చదువుతరు మేడమ్" అన్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సింది ఇప్పుడు అంటున్నాను: నా పిల్లలు చదువుతారు. ఖమ్మం నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టల్లో నలుగురితో గది పంచుకుంటూ, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య చదివే నర్సులు చదువుతారు.

ఇక నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వని సంగతి. 500 కాపీలు వేయించాను, ఒక్కోటి 64 రూపాయలు, మొత్తం 32,000. ప్రెస్ వాళ్లు రెండు దారులు చెప్పారు. ఒకటి, తప్పొప్పుల పట్టిక ఒక పేజీ వేసి అన్నిట్లో అంటించడం, దానికి డబ్బులు తీసుకోరు. రెండోది, మళ్లీ అచ్చు వేస్తే సగం ఖర్చు వాళ్లు భరిస్తారు.

పట్టిక వైపే మొగ్గాను, నిజం చెప్తున్నాను. 32,000 అంటే మన హాలుకు నెలన్నర అద్దె. మా ఆయన కూడా, ఇది రీడింగ్ ప్రాక్టీస్ పుస్తకమే కదా, దీన్ని చూసి ఎవరూ పేషెంట్‌కు మందు ఇవ్వరు, పట్టిక అంటించి పని కానివ్వు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మొదటి రాత్రి సరే అనుకున్నాను. రెండో రాత్రి, పార్ట్ ఏలో మేం నేర్పేదే టెక్స్టులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయమని కదా, మరి పట్టిక చూసి అనుమానించమని ఎలా చెప్తాను అనిపించింది. 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు చేసేటప్పుడు వెనక పేజీ తిప్పి పట్టిక ఎవరు చూస్తారు? మూడో రోజు సాయంత్రం బ్యాచ్ అయ్యాక ఒక అబ్బాయి ఆగి తన నోట్స్ చూపించాడు. పదకొండు రోజులుగా ఆ పుస్తకంలోంచి డోసులన్నీ రంగు పెన్నులతో వేరే కాయితాల మీదికి ఎక్కించుకుని, గదిలో మంచం పక్కన గోడకు అంటించుకున్నాడట. ఫోటో కూడా చూపించాడు. ఎర్ర పెన్నుతో, అందంగా, గుండెకిచ్చే మందు డిజాక్సిన్ 250 ఎంజీ.

పుస్తకంలో పట్టిక అంటించగలను. ఆ గోడ మీద ఎలా అంటించను?

అక్కడితో అయిపోయింది. మొత్తం తీసేస్తున్నాను. ప్రెస్ వాళ్లు ఇస్తామన్న 16,000 తీసుకోలేదు, అక్కడ మళ్లీ వేయించను కూడా. మొండితనం అంటారేమో, అనండి, కానీ నా నోట్‌బుక్కులోని వాక్యాలను అడక్కుండా కోసి, అదేం పెద్ద విషయమన్నట్టు మాట్లాడిన చోటికి మళ్లీ ఫైలు పట్టుకుని వెళ్లలేను. వాళ్ల పేరు ఇక్కడ రాయను, అడగకండి. పనివాళ్లు మంచివాళ్లే, అట్ట, బైండింగ్ చక్కగా చేశారు.

మిగిలిన 439 కాపీలు అలాగే తూకానికి వేస్తే రేపు కోఠి పాత పుస్తకాల షాపుల్లోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో తేలతాయి, ఎవరో ఒక నర్సు ముప్పై రూపాయలకు దొరికిందని సంతోషంగా కొనుక్కుంటుంది. అందుకని కట్టర్‌తో అన్నీ అడ్డంగా రెండు ముక్కలు చేయించి అప్పుడు ఇచ్చాను, దగ్గర నిలబడి చూశాను.

తెలిసినవాళ్లు, ఇదే అదను, ఆ తెలుగు వరస తీసేయ్, అంతా ఇంగ్లీష్‌లో ఉంటే సెంటర్‌కు స్టాండర్డ్ వస్తుంది అన్నారు. తీయను. పరీక్ష హాల్లో తెలుగులోకి అనువదించుకుంటూ కూర్చోమని నేను ఎవరికీ చెప్పలేదు, అలా చేస్తే టైమ్ చాలదు. నేర్చుకునేటప్పుడు మాట మనసులో సరైన చోట దిగాలి, దానికి మనకు తెలిసిన వాక్యం కావాలి. కొత్త పుస్తకంలో ఆ వాక్యాలన్నీ పూర్తిగా ఉంటాయి, పేజీలు పెరిగితే పెరగనీ. మ్యూ గుర్తు ఎక్కడా ఉండదు, ప్రతిచోటా మైక్రోగ్రామ్స్ అని పూర్తిగా ఉంటుంది.

కొత్త పుస్తకం మూడు వారాల్లో వస్తుంది. నీలం పుస్తకం ఉన్నవాళ్లకు ఉచితం, పాతది తెచ్చి ఇస్తే చాలు, రాసేసినా పర్లేదు. అప్పటిదాకా జిరాక్స్ షీట్ల మీద చేద్దాం, ఆదివారం మాక్ టెస్ట్ ఎప్పటిలాగే పదింటికి. ఫీజు పెంచట్లేదు. డబ్బు వెనక్కి కావాలనుకునేవాళ్లు ఒక మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు. బయటి దేశాల్లో ఉన్న పాత విద్యార్థులకు కొత్త ఫైలు మెయిల్ చేస్తాను, నీలం పుస్తకం ఫైలు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి వాళ్లకూ చెప్పండి. ఈ నెల పరీక్ష ఉన్న ఏడుగురితో ఇప్పటికే విడిగా కూర్చున్నాను.

ప్రూఫ్ ఈసారి ఇద్దరం చూస్తున్నాం. ఆ రోజు గడి ఖాళీగా వదిలిన అమ్మాయినే అడిగాను, డబ్బులిచ్చే చేయించుకుంటున్నాను. తను పాత ఫైలులోంచి పైకి చదువుతుంది, నేను అచ్చు కాయితం మీద టిక్ పెడతాను, డోసు దగ్గరికి రాగానే ఇద్దరం పక్కన సంతకం చేస్తాం. నలభై పేజీలు అయ్యాయి.

ఇంకొక్కటి. పాత పుస్తకం తెచ్చేటప్పుడు అందులోంచి రాసుకున్న నోట్స్, ఫోన్లో తీసుకున్న ఫోటోలు, గోడకు అంటించుకున్న కాయితాలు కూడా తీసుకురండి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా సెంటర్‌లోనే ఉంటాను. పక్కన కూర్చుని ఒక్కో డోసూ మీతో దిద్దిస్తాను, ఎంతసేపైనా పర్లేదు.