వాసుకు, రికాబుల గురించి

అమలాపురం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి వాసుకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి 23 రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ నాన్నగారు. నువ్వు ఫోను చేసిన రోజున క్యాలెండరులో పాల లెక్క పక్కన చిన్న చుక్క పెట్టడం ఆయనకు అలవాటు. ఫోనులో రాస్తే సగం చదివి బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు కనుక కాగితం మీద రాస్తున్నాను. రాజోలు సూరిబాబు మావయ్య కోడలు వచ్చే వారం లాస్ ఏంజెలెస్ వెళుతోంది. ఈ ఉత్తరం, ఆవకాయ సీసా, నీ కందిపొడి ఆ అమ్మాయితో పంపుతున్నాను.

ఆ మధ్య కమల పిన్ని వచ్చి వెళ్ళింది. వాళ్ళ అల్లుడు ఏదో వీడియో చూశాడట, అందులో నువ్వు గుర్రం మీద నుంచి పడ్డావట, పడి లేచి నవ్వావట. అది పొరపాటున పడటం కాదనీ, శని ఆదివారాల్లో డబ్బు కట్టి మరీ పడటం నేర్చుకుంటున్నావనీ, ఉద్యోగం మానేసి సినిమాల్లో డూపుగా చేరే ఆలోచనలో ఉన్నావనీ చెప్పింది. గృహప్రవేశం నాటి గొడవ తర్వాత కమల ఏం చెప్పినా నేను సగానికి సగం కోసి వింటున్నాను. ఎంత కోసినా గుర్రం మాత్రం మిగిలింది.

అయినా నేను రాయదలచింది దాని గురించి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో కూర్చున్నదాన్ని కనుక, తెలియని విషయం మీద మాట్లాడకూడదని ఈ మూడు వారాలుగా అమెరికా కౌబాయ్ చిత్రాల్లో హీరోల బదులు పడినవాళ్ళ బతుకులు ఎలా గడిచాయో వెతికి చదివాను. ఉన్నమాట చెప్పాలంటే, నిన్ను భయపెట్టడానికి పనికివచ్చే సంగతులు ఏరుకుందామనే మొదలుపెట్టాను. అలా వెతుకుతూ వెతుకుతూ యాకిమా కనట్ అనే ఆయన దగ్గర ఆగిపోయాను. మీ నాన్నగారు ఇదంతా పనిలేని పని అన్నారు గాని, నేను వంటింట్లో ఉన్నప్పుడు నా నోటుపుస్తకం తీసి చదువుతున్నారు. కళ్ళజోడు పేజీల మధ్యనే మరిచిపోతున్నారు.

ఆయన అసలు పేరు ఈనస్ ఎడ్వర్డ్ కనట్. 1895 నవంబరు 29న వాషింగ్టన్ రాష్ట్రంలో, కోల్‌ఫాక్స్ అనే ఊరికి దగ్గరలో పశువుల మధ్య పుట్టి పెరిగాడు. (మీ సుధక్క ఉండే సియాటిల్ ఆ రాష్ట్రంలోనిదే, అది రాజధాని వాషింగ్టన్ కాదని నాకు తెలుసు.) యాకిమా అన్నది ఆయన సొంత ఊరు కాదు. 1914లో ఆరెగన్ రాష్ట్రంలోని పెండిల్టన్ రోడియో పోటీల్లో, అంటే కౌబాయ్‌ల స్వారీ పోటీల్లో, ఆయన పొగరుబోతు గుర్రం ఎక్కిన ఫోటో కింద పత్రికవాళ్ళు పొరపాటున ఆ పేరు వేస్తే, ఆ తప్పే చివరిదాకా ఆయన పేరైపోయింది. మన బొంబాయి తాతగారు బొంబాయి చూడకుండానే పోలేదూ, అలాగన్న మాట. ఆ పెండిల్టన్‌లోనే 1917, 1919, 1920, 1923 సంవత్సరాల్లో మేటి రౌతుగా గెలిచాడు. మూకీ చిత్రాల్లో వేషాలు కూడా వేశాడు గాని, నౌకాదళంలో ఉండగా పట్టిన ఫ్లూ జ్వరం గొంతును పాడుచేయడం వల్ల, టాకీలు వచ్చేసరికి ఆ గొంతు మైకుకు పనికిరాలేదు. అప్పుడు తెర మీద మాట్లాడేవాళ్ళ బదులు పడే పని పట్టుకున్నాడు. ఉన్న పని పోయి ఇందులోకి వచ్చిన మనిషి ఆయన. ఉన్న పనిని వదిలేసి వెళ్ళేవాళ్ళ గురించి నేనేమీ అనడం లేదు.

1930ల మొదట్లో హీరో జాన్ వేన్‌తో కలిసి వరసగా చిన్న చిన్న కౌబాయ్ చిత్రాలు చేశాడు. అంతకుముందు తెర మీద కొట్లాట అంటే భుజం మీదో రొమ్ము మీదో నిజంగానే గుద్దుకునేవారట. గుద్దు ముఖం పక్క నుంచి గాలిలోకి పోయినా, కెమెరాను తగిన చోట పెడితే దవడ పగిలినట్టే కనబడుతుందని వాళ్ళిద్దరూ, వాళ్ళ దర్శకుడు బ్రాడ్‌బరీ కలిసి కనిపెట్టి వాడుకలోకి తెచ్చారు. 1971లో కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసి వచ్చి నెల రోజులు టోపీ వంకరగా పెట్టుకు తిరిగిన మీ నాన్నగారు ఈ మాట చదివి, ఆ దెబ్బలు తగలనేలేదా అని ఎంత నొచ్చుకున్నారో చెప్పలేను.

నేను ఎక్కువసేపు ఆగింది ‘స్టేజ్‌కోచ్’ దగ్గర. జాన్ ఫోర్డ్ తీసిన ఆ చిత్రం 1939లో వచ్చింది. ఒక ఎండిపోయిన సరస్సు, బల్లపరుపు నేల. దాని మీద జతలు జతలుగా ఆరు గుర్రాలు కట్టిన బండి దౌడు తీస్తుంటుంది. అపాచీ తెగవాడి వేషంలో ఉన్న కనట్ తన గుర్రం మీద నుంచి బండికి కట్టిన ముందు జత మీదికి దూకుతాడు. బండి మీద నుంచి జాన్ వేన్ కాలుస్తాడు. కనట్ రెండు గుర్రాల మధ్యకు జారి, చేతులతో నొగ పట్టుకుని, వీపు నేలకు రాసుకుపోతుండగా వేలాడతాడు. ఇంకొక గుండు పేలగానే చేతులు వదిలేస్తాడు. వెనక జతల గిట్టలు ఇటూ అటూ పడుతుండగా గుర్రాలూ, వాటి వెనక బండీ ఆయన మీదుగా దాటిపోతాయి. పడినది బొమ్మ కాదని మనకు తెలియడానికి, బండి వెళ్ళిపోయాక ఆయన దుమ్ములోంచి లేవబోతున్నట్టు కదులుతాడు. సూరిబాబు మావయ్య మనవడి ట్యాబ్లెట్‌లో ఆ కాస్త ముక్కను పదకొండు సార్లు వేసుకుని చూశాను. ప్రతిసారీ నొగ వదిలే చోట కళ్ళు మూసుకున్నాను గనుక, నిజానికి ఆ ఘట్టం నేను చూడనేలేదని మీ నాన్నగారి వాదన.

ఇది ఎలా చేయాలో ఆయన చెప్పిన తీరు విను. గుర్రాలను ఎంత వేగంగా తోలితే అంత మంచిదట. నెమ్మదిగా పోయే గుర్రాలు పక్కలకు ఒరుగుతాయి, దౌడు తీసేవి తిన్నగా పోతాయి. మనిషి పడుకునే చోటు ఆ తిన్నదనంలోనే ఉంటుంది. మా నాన్నగారి ఎడ్లబండి వెనక నడిచిన నాకు అది వెంటనే అర్థమైంది, అదిలించని ఎద్దే కాడి కింద మెలికలు తిరుగుతుంది. రెండోది, నొగ వదిలిన క్షణంలో చేతులు రొమ్ము మీదికి తెచ్చుకుని మోచేతులు ఒంటికి అంటించి పెట్టుకోవాలట. లేకపోతే ముందు ఇరుసు వాటిని ఎగరగొట్టుకుపోతుంది. కెమెరాల్లో సరిగా పడిందో లేదోనన్న అనుమానం వస్తే, మళ్ళీ చేస్తానని కనట్ ముందుకు వచ్చాడట. అలాంటిది ఇంకోసారి తీసేది లేదని ఫోర్డ్ అన్నాడట. ఆ ఒక్క మాటతో ఫోర్డ్ మీద నాకు గౌరవం కలిగింది.

మోచేతుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కిందటిసారి వీడియోలో ఇరవై నిమిషాలు మాట్లాడావు. నీ ఎడమ చెయ్యి ఒక్కసారి కూడా కనబడలేదు. కాఫీ కప్పు పట్టుకోవలసి వచ్చినప్పుడు ఫోను దేనికో ఆనించి, కుడిచేత్తోనే తాగావు. నువ్వు పుట్టుకతో ఎడమచేతివాటం వాడివి. అక్షరాభ్యాసం నాడు పంతులుగారు ఎన్నిసార్లు చెయ్యి మార్చినా బలపం మళ్ళీ ఎడమచేతిలోకే వెళ్ళేది. సరే, ఇది పక్కన పెడతాను.

కనట్ మాత్రం ఏమీ ఉక్కుమనిషి కాడు. 1940లో ‘బూమ్ టౌన్’ అనే చిత్రంలో హీరో క్లార్క్ గేబుల్‌కు డూపుగా చేస్తుండగా గుర్రం ఆయన మీదే పడి కడుపు లోపల బాగా దెబ్బతింది. మూడేళ్ళ తర్వాత మరో చిత్రంలో బండి మీద నుంచి పడి రెండు చీలమండలూ విరిగాయి. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్ళు. ఆ తర్వాత పడటం తగ్గించి, మన భాషలో చెప్పాలంటే ఫైట్ మాస్టరై, పడేవాళ్ళకు ఎలా పడాలో చెప్పే దర్శకత్వపు పనిలోకి మారాడు. నీకు నలభై ఏడేళ్ళు రావడానికి ఇంకా పంతొమ్మిదేళ్ళుంది, కాబట్టి ఇప్పుడే మారమని నేను చెప్పను. చీలమండ విరిగితే వానాకాలం వచ్చినప్పుడల్లా లాగుతుందని మాత్రం సత్యవతి అత్తయ్యను అడిగితే చెబుతుంది. ఆవిడ విరగ్గొట్టుకున్నది గుడి మెట్టు మీద, గుర్రం అవసరం కూడా లేకపోయింది. ఎముక అతుక్కున్నాక మొదటి నెల దాటగానే అంతా అయిపోయిందనుకునే మూర్ఖులు అన్ని దేశాల్లోనూ ఉంటారు. మినప సున్నుండలు తినాలి, ఎండలో కూర్చోవాలి, డాక్టరు వెళ్ళమన్న రోజున వెళ్ళాలి. నీకు ఏమీ విరగలేదు గనుక ఇవి నీకు అక్కరలేదు, ఊరికే రాశాను.

నోటుపుస్తకంలో నేను బొమ్మ వేసుకుని మరీ రాసుకున్నది ఆయన రికాబు గురించి, అంటే రౌతు పాదం పెట్టుకోవడానికి జీనుకు వేలాడే కడియం గురించి. మామూలు రికాబు గుండ్రంగా మూసి ఉంటుంది. పడే మనిషి పాదం అందులో ఇరుక్కుంటే గుర్రం ఆగేదాకా నేల మీద ఈడ్చుకుపోతుంది. ఈయన ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంచి, ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో రికాబు చేయించాడు. మనిషి వాలగానే పాదం దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. బండి తిరగబడే ఘట్టాల్లో గుర్రాలు దాని కింద నలగకుండా, సరైన క్షణంలో పట్టెడలు ఊడిపోయి అవి విడిగా పరుగెత్తిపోయే ఏర్పాటు కూడా చేశాడు. 1967 ఏప్రిల్‌లో ఆయనకు ప్రత్యేక ఆస్కార్ ఇచ్చినప్పుడు, చేసిన సాహసాలతో పాటు, స్టంటు చేసేవాళ్ళందరి రక్షణ కోసం ఆయన రూపొందించిన ఈ సాధనాలను కూడా పేర్కొన్నారు.

కాబట్టి నేను అడిగేదల్లా ఒక్కటే. మీ దగ్గర, అంటే కమల అల్లుడు చెప్పే ఆ చోట, వాడే రికాబు మూసి ఉన్నదా, తెరిచి ఉన్నదా? ఎడమ పాదం వైపు ఏది కట్టారు? నేర్పే ఆయన ముందు తాను పడి చూపిస్తాడా, లేక పిల్లల్ని పడమని పక్కన నిలబడతాడా? మూడో తరగతిలో తాతయ్యగారి గడ్డిమేటు మీద నుంచి దూకే ముందు నువ్వు బుజ్జిగాణ్ణి దూకించి, వాడు ఏడవలేదని నిర్ధారించుకుని తర్వాత దూకావు. అప్పుడు నిన్ను కొట్టాను గాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆ జాగ్రత్తే నీకు మిగిలి ఉంటే బాగుండుననిపిస్తోంది. పాపం బుజ్జి ఇది చదవకూడదు.

ఆయన మంచివాడని చెబుతున్నానని అన్నీ వెనకేసుకురాను. ఆ రోజుల్లో గుర్రాన్ని పడేయడానికి ముందు కాళ్ళకు తీగలు కట్టి, రెండో కొస నేలలో పాతిన గుంజకు బిగించి, దౌడు తీయించేవారు. తీగ అయిపోగానే కాళ్ళు లాగేసినట్టయి గుర్రం ముక్కు మీద పడేది. చాలా గుర్రాలు చచ్చిపోయాయి. 1939లో ఒక చిత్రం కోసం గుర్రాన్ని కొండ మీద నుంచి నీళ్ళలోకి తోసి చంపడంతో గొడవ జరిగి, మరుసటి ఏడు నుంచి జంతువుల చిత్రీకరణ మీద పర్యవేక్షణ వచ్చింది. ఆ తీగల పద్ధతి కనట్ కూడా వాడాడు. తాను జాగ్రత్తగానే చేశానని ఆయన అనేవాడు. గుర్రాన్ని ఎవరూ అడగలేదు.

‘బెన్ హర్’ చిత్రంలోని రథాల పందెం కూడా ఆయన నడిపించినదే. రోములో 18 ఎకరాల మైదానం కట్టి, తొమ్మిది రథాలు, రథానికి నాలుగేసి గుర్రాలతో తీశారు. హీరో హెస్టన్‌కు రథం తోలడం నేర్పిందీ ఆయనే. విరిగిన రథం మీదుగా హీరో రథం ఎగిరే ఘట్టంలో డూపు ఎవరనుకున్నావు? కనట్ చిన్న కొడుకు జో. రథం ఎగిరి దిగిన ఊపుకు ఆ పిల్లవాడు ముందుకు తలకిందులై గుర్రాల వెనక వేలాడి, ఎలాగో పట్టుకుని నిలిచాడు. గడ్డం మీద చిన్న గాయంతో బయటపడ్డాడు. ఆ ముక్కను చిత్రంలో అలాగే ఉంచారు. ఆ పందెంలో ఒక మనిషి చచ్చిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు గాని, 1959 నాటి చిత్రంలో అలాంటిదేమీ జరగలేదు. వదంతి కూడా అబద్ధం కావచ్చునని ఇలా చదివినప్పుడు కాస్త ఊపిరి వచ్చింది. అయితే అక్కడ తండ్రి కొడుకును కళ్ళారా చూస్తూ పక్కనే ఉన్నాడు, నేను దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను.

1958లో జాన్ ఫోర్డ్ చిత్రంలోనే ఫ్రెడ్ కెన్నెడీ అనే అనుభవజ్ఞుడు గుర్రం మీద నుంచి మామూలుగా పడబోయి మెడ విరిగి పోయాడు. ఇది రాయకూడదని రెండుసార్లు కొట్టేశాను. మీ నాన్నగారు రాయమన్నారు. కనట్ మాత్రం తొంభై ఏళ్ళు బతికి 1986 మే 24న పోయాడు, ఇది రాయమన్నది నేను.

ఉద్యోగం సంగతి నువ్వే రాయి, కమల చేత చెప్పించకు. వీసా సంగతి మీ నాన్నగారు వేరే కాగితం మీద రాసి ఇందులో మడిచి పెట్టారు, నేను చదవలేదు, చాలా పొడుగ్గా ఉంది. కందిపొడిలో వెల్లుల్లి వేయలేదు. రాత్రిళ్ళు తల తుడుచుకోకుండా పడుకోకు.

ఆవకాయ సీసా మూత దారిలో నూనె కారకుండా నేను బలం కొద్దీ బిగించాను. ఒక చేత్తో సీసా అదిమి పట్టుకుని, రెండో చేత్తో తిప్పితే గాని రాదు. ఎవరి చేతా తీయించవద్దు. సీసా అందిన రోజున ఫోను ఎదురుగా ఆనించి పెట్టి, మూత తీస్తున్నప్పుడు నాకు వీడియో చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రయినా ఫరవాలేదు.

ఇట్లు,
అమ్మ.