ఆ అంకె ఎవరి లెక్క?

సంపాదకులకు,

ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలోకి ఎక్కించే చికిత్స) ప్రకటనల్లో 'సక్సెస్ రేటు' అంటూ పెద్ద అక్షరాలతో ఒక అంకె వేస్తారు. అది ఎన్నింటిలో ఎన్నో మాత్రం ఉండదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన 100 మందిలోనా, పిండం గర్భాశయంలోకి ఎక్కించుకున్న 100 మందిలోనా? గర్భం కోసం చేసే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలా, బిడ్డ పుట్టాలా? వీటిని బట్టి అంకె చాలా మారిపోతుంది.

మామూలు నెలలో సాధారణంగా ఒక్క అండమే పక్వానికి వస్తుంది. ఐవీఎఫ్‌లో ఎక్కువ అండాల కోసం రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, సుమారు 8 నుంచి 12 రోజులు. స్కానింగ్‌లో ఫాలికిల్స్ (అండాశయంలో అండం పెరిగే నీటి సంచులు) 17-18 మిల్లీమీటర్లకు ఎదిగాయంటే ట్రిగ్గర్ ఇంజెక్షన్, అంటే అండాలను చివరిగా పక్వం చేసేది. దీన్ని రాత్రి 10 గంటలకు వేసుకోమంటే 10 గంటలకే వేసుకోవాలి. అండాలు తీసేది దాదాపు 36 గంటలకు, అంటే ఎల్లుండి ఉదయం 10 గంటలకు. ఆలస్యంగా వేసుకుంటే అండాలు ఫాలికిల్ గోడను వదలక సూదికి అందకపోవచ్చు. మరీ ముందు వేసుకుంటే తీసేలోపే విడుదలైపోవచ్చు. పొరపాటు జరిగితే భయపడి దాచకుండా వెంటనే ఫోన్ చేయాలి, సమయం సర్దే వీలుంటుంది.

అసలు తరుగు ల్యాబ్‌లో మొదలవుతుంది. 10 అండాలు తీశారనుకుందాం. పక్వమైనవి 8 ఉంటాయి. వీర్యకణాలతో కలిపిన 16-18 గంటలకు మైక్రోస్కోపు కింద చూస్తే, సరిగ్గా ఫలదీకరణ చెందిన అండంలో రెండు చిన్న గుండ్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి: ఒకటి తల్లి వైపుది, ఒకటి తండ్రి వైపుది. మూడు కనిపిస్తే సాధారణంగా దాన్ని పక్కన పెట్టేస్తారు. ఇలా ఐదో ఆరో మిగులుతాయి. ఐదో రోజుకి బ్లాస్టోసిస్ట్ దశకు (గర్భాశయంలో అతుక్కోవడానికి సిద్ధమయ్యే దశకు) చేరేవి రెండో మూడో. కొందరికి ఒక్కటీ ఉండదు. ల్యాబ్ తప్పు చేసిందనే అనుకోనక్కర్లేదు. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 35 దాటాక, క్రోమోజోముల లెక్క తప్పిన అండాలు ఎక్కువవుతాయి. అలాంటి పిండం చూడ్డానికి బాగున్నా మధ్యలో ఆగిపోవచ్చు, గర్భం నిలిచాక పోవచ్చు.

పిండం ఎక్కించినవాళ్లనే లెక్కిస్తే ఇలా మధ్యలో ఆగినవాళ్లంతా అంకెలోంచి మాయమవుతారు. దాత అండాలతో చేసినవి కలిపితే అంకె ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే దాతలు సాధారణంగా చిన్న వయసువాళ్లు. 42 ఏళ్ల మహిళ తన సొంత అండాలతో ప్రయత్నిస్తూ ఆ అంకె చూసి ఆశపడితే తప్పు ఎవరిది? ఒకేసారి రెండు పిండాలు ఎక్కించినా పాజిటివ్‌లు పెరుగుతాయి, వాటితోపాటు కవలలూ, నెలలు నిండని కాన్పులూ పెరుగుతాయి. మంచి పిండం ఉంటే ఒక్కటి ఎక్కించి మిగతావి ఫ్రీజ్ చేయడమే చాలామందికి మేలు.

ప్రకటనల్లో రాని ముప్పు ఇంకొకటి. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికిల్స్ ఎక్కువగా ఉండే హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు అండాశయాలు మందుకు అతిగా స్పందించవచ్చు. పొట్ట బాగా ఉబ్బి, రోజుకు కిలోకు పైగా బరువు పెరిగి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిండం ఎక్కించాక రోజుల తరబడి మంచంమీదే ఉండడం వల్ల మాత్రం ఏ లాభమూ లేదు (ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా సరే). తొందరపడి ఇంట్లో మూత్రపరీక్ష చేసుకుంటే ట్రిగ్గర్‌లోని హెచ్‌సీజీయే (గర్భం వచ్చినప్పుడు శరీరంలో తయారయ్యే హార్మోనే ఇది) రెండు గీతలు చూపించి మోసం చేయవచ్చు. చెప్పిన రోజున చేసే రక్తపరీక్షే నమ్మదగ్గది.

మీ పత్రిక ఇలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు నాలుగు వివరాలు అడగాలని మా విన్నపం: మొదలుపెట్టిన చికిత్సలు ఎన్ని, పుట్టిన బిడ్డలు ఎంతమంది, వయసులవారీగా ఎంతెంత, దాత అండాలతో చేసినవి విడిగా ఎన్ని. ఇవి ఇవ్వకపోతే ఆ అంకె అచ్చువేయకండి.

ఇట్లు,
ఐవీఎఫ్ ల్యాబ్‌లో పనిచేసే ఎంబ్రియాలజిస్టులు (పిండాల నిపుణులు)